కనిపించని రెండు ఇంద్రియాలు

పిల్లలూ! ఒక చిన్న తమాషా చేసి చూడండి. కళ్ళు గట్టిగా మూసుకోండి. కుడిచెయ్యి పక్కకు చాచి, చూపుడువేలితో మీ ముక్కు కొన ముట్టుకోండి. వేలు సరిగా ముక్కు దగ్గరికే వచ్చిందా? వచ్చే ఉంటుంది. మరి కళ్ళు మూసుకుని ఉండగా మీ చెయ్యి ఎక్కడున్నదీ, ముక్కు ఎక్కడున్నదీ మీకు ఎవరు చెప్పారు?

ఇంకొక తమాషా. మీలో చాలామంది ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి చప్పున ఆగితే ఏమవుతుంది? మీరు ఆగినా ఇల్లూ, చెట్లూ తిరుగుతూనే ఉంటాయి! నిజానికి అవి తిరగటం లేదు. మన ఒక్కొక్క చెవి లోపలా వంపు తిరిగిన సన్నని గొట్టాలు మూడు ఉన్నాయి. వాటిలో నీరులాంటి ద్రవం ఉంటుంది. మనం కాసేపు తిరిగేసరికి అదీ మనతోబాటు తిరగసాగుతుంది. మనం ఆగినా అది వెంటనే ఆగదు. అందుకే "ఇంకా తిరుగుతున్నాం" అని మెదడుకు తప్పుడు కబురు అందుతుంది.

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం—ఈ అయిదూ జ్ఞానేంద్రియాలని మీరు బడిలో చదువుకున్నారు. ఇవిగాక మరి రెండు ఇంద్రియాలున్నాయి. అవి పైకి కనిపించవు. ఒకటి చెవి లోపల ఉండి, మనం ఎటు ఒరుగుతున్నదీ, ఎటు కదులుతున్నదీ చెబుతుంది. రెండవది కండరాలలోనూ, కీళ్ళలోనూ ఉండి, ఏ అవయవం ఎక్కడున్నదీ, ఎంత బలం ఉపయోగిస్తున్నదీ చెబుతుంది. కళ్ళు మూసుకున్నా ముక్కు దొరికింది దీని మూలంగానే.

ఈ ఏడు ఇంద్రియాల నుంచీ మెదడుకు క్షణక్షణమూ కబుర్లు వస్తూనే ఉంటాయి. మెదడు ఒక పెద్ద పోస్టాఫీసు లాంటిది. వచ్చిన ఉత్తరాలన్నిటినీ విడదీసి, ముఖ్యమైనవాటిని ముందుకు పంపుతుంది, అక్కర్లేనివాటిని పక్కన పడేస్తుంది. ఇప్పుడు మీ వీపుకు చొక్కా తగులుతూనే ఉంది. కాని నేను చెప్పేదాకా ఆ సంగతి మీకు తెలియలేదు కదూ? మెదడు ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టేసింది.

అందరి మెదడులోనూ ఈ పని ఒకే తీరుగా జరగదు. కొందరు పిల్లలకు చొక్కా మెడ దగ్గర కుట్టిన చిన్న గుడ్డముక్క రోజంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. బడిగంట పిడుగు పడ్డట్టు వినిపిస్తుంది. మరి కొందరికి కండరాలనుంచి వచ్చే కబురు చాలా మెల్లిగా అందుతుంది. వాళ్ళు గెంతుతూ, గోడలకు ఆనుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ ఉంటేగాని తమ ఒళ్ళు తమకు తెలియదు. ఆటిజం గల పిల్లలలో చాలామంది ఇలాటివారే. ఆటిజం అనేది జ్వరంలాంటి రోగం కాదు, ఒకరినుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా అది. అందువల్ల మాట్లాడటమూ, నలుగురితో కలవటమూ కూడా వాళ్ళకు వేరే విధంగా ఉంటుంది.

మీ తరగతిలో అలాటి కుర్రవాడొకడు ఉన్నాడనుకోండి. గంట కొట్టగానే వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరతాడు. పిల్లలు పకపకా నవ్వుతారు. పెద్దలు, "వట్టి పెంకివాడు!" అంటారు. ఎందుకలా చేస్తున్నాడని ఎవరూ అడగరు. అడిగినా, చెప్పటానికి వాడి దగ్గర మాటలు లేకపోవచ్చు.

"ఎందుకు?" అని అడిగినవారిలో జీన్ ఎయిర్స్ ఒకరు. ఆమె 1920 లో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, వైసాలియా అనే ఊళ్ళో, ఒక రైతు కుటుంబంలో పుట్టింది. పెద్దదై ఆక్యుపేషనల్ థెరపీ అనే విద్య నేర్చుకున్నది. అన్నం తినటం, బొత్తాలు పెట్టుకోవటం, రాయటం, ఆడుకోవటం మొదలైన రోజువారీ పనులు కష్టమైనవారికి ఆ పనులు చేతనయేలా చెయ్యటమే ఆ విద్య.

కొందరు పిల్లలకు కళ్ళు బాగానే ఉన్నాయి, చెవులు బాగానే ఉన్నాయి, తెలివీ ఉంది. అయినా వాళ్ళు నడుస్తూ తట్టుకుని పడతారు, పెన్సిలు పట్టుకోలేరు, ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడతారు. "లోపం కంటిలోనూ, చెవిలోనూ లేదు. వచ్చిన కబుర్లను మెదడు ఒకచోట కూర్చటంలో చిక్కు ఉన్నదేమో!" అని ఎయిర్స్‌కు తోచింది. ఆ సంగతి తేల్చుకోవటానికి ఆమె పిల్లలకు పరీక్షలు తయారుచేసింది. 1964 నుంచి 1966 దాకా లాస్ ఏంజెలెస్‌లోని మెదడు పరిశోధన సంస్థలో పని నేర్చుకున్నది. 1972 లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రకటించింది. దానికి ఆమె పెట్టిన పేరు "సెన్సరీ ఇంటిగ్రేషన్", అంటే ఇంద్రియాల సమన్వయం.

1976 లో ఆమె టోరెన్స్ అనే ఊళ్ళో పిల్లల కోసం ఒక వైద్యశాల తెరిచింది. ఆమె పద్ధతిలో మందులు లేవు, సూదులు లేవు. ఉయ్యాలలూ, చక్రాలు బిగించిన చెక్కబల్లలూ ఉన్నాయి. పిల్లవాడు బల్లమీద బోర్లా పడుకుని, ఏటవాలు చెక్కమీదుగా జర్రున జారతాడు. మెడ ఎత్తాలి, చేతులు చాచాలి, ఒరగకుండా చూసుకోవాలి! చూసేవారికి అది ఆట. మెదడుకు మాత్రం అది సాధన. ఈ పద్ధతిలో రెండు నియమాలున్నాయి. పని మరీ సులువుగానూ ఉండరాదు, మరీ కష్టంగానూ ఉండరాదు. పిల్లవాణ్ణి బలవంతపెట్టరాదు. ఎయిర్స్ 1988 లో చనిపోయింది. ఆమె పద్ధతి మటుకు అనేక దేశాలకు పాకింది.

కాని ఇతర శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. "ఆట బాగానే ఉంది. దీనివల్ల మేలు కలుగుతున్నదని రుజువేమిటి?" అని అడిగారు. ఇది మంచి ప్రశ్న. పిల్లలు ఎలాగూ పెరుగుతూ కొత్తపనులు నేర్చుకుంటూనే ఉంటారు గనక, వచ్చిన మార్పు ఉయ్యాల మూలంగానే వచ్చిందని ఎలా చెప్పటం? అందుకని పిల్లలను చీట్లు తీసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకే ఈ సాధన ఇచ్చి, రెండు జట్లనూ పోల్చి చూడాలి.

అమెరికాలో ఆటిజం గల 32 మంది పిల్లలతో చేసిన ఇలాటి పరిశోధన 2014 లో అచ్చయింది. 10 వారాల సాధన పొందిన పిల్లలు, తల్లిదండ్రులు కోరిన రోజువారీ పనులలో రెండవ జట్టుకన్న బాగా ముందుకు వచ్చారు. బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో చేసిన మరొక పరిశోధన 2022 లో వెలువడింది. అందులో పిల్లల చిరాకూ, అలజడీ మామూలుగా దొరికే సహాయంకన్న ఈ సాధనతో ఎక్కువ తగ్గినట్టు కనిపించలేదు. అంటే ఏమిటన్నమాట? ఈ సాధన కొన్ని పనులకు కొందరికి ఉపయోగపడవచ్చు; అన్నిటికీ ఇదే మందు అనటానికి వీలులేదు. "ఆటిజం పూర్తిగా నయం చేస్తాం" అని డబ్బు అడిగేవారి మాట పెద్దలు నమ్మరాదు.

అయితే, ఆ పిల్లల బాధ నిజమైనదేనన్న మాట మాత్రం నిలిచింది. ప్రపంచమంతటా వైద్యులు వాడే అమెరికను మనోవైద్యుల గ్రంథం 2013 లో మళ్ళీ అచ్చయినప్పుడు, శబ్దమూ, స్పర్శా మొదలైనవి అతిగా గాని, మందంగా గాని తోచటాన్ని ఆటిజం లక్షణాలలో చేర్చారు. బల్ల కింద దూరిన కుర్రవాడు పెంకివాడు కాడని గ్రంథమే ఒప్పుకున్నదన్నమాట!

ఈలోగా ఆటిజం గలవారే పెద్దవాళ్ళయి తమ మాట తాము చెప్పసాగారు. 1993 లో కెనడాలోని టొరాంటోలో జరిగిన సభలో జిమ్ సింక్లేర్ అనే ఆటిజం గల వక్త, తమను చూసి దుఃఖించవద్దని తల్లిదండ్రులను కోరారు. మనుషుల రంగులూ, భాషలూ వేరైనట్టే మెదళ్ళూ వేరుగా ఉంటాయనీ, చికిత్స అంటే పిల్లవాణ్ణి మరొకడిలాగా మార్చటం కాదనీ, వాడి బతుకు వాడికి సులువు చెయ్యటమనీ వారి వాదన. ఈ భావానికే "న్యూరోడైవర్సిటీ" అని పేరు వచ్చింది.

మన దేశంలో ఈ పనికి తల్లులు పూనుకున్నారు. ఆటిజం గల కొడుకున్న మెర్రీ బారువా 1991 లో ఢిల్లీలో "యాక్షన్ ఫర్ ఆటిజం" అనే సంస్థ ప్రారంభించింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉన్నాయి. అందులో ఆటిజం పేరే లేదు. 1999 లో నేషనల్ ట్రస్టు చట్టంలో ఆ పేరు చేరింది. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. వాటిలో ఆటిజమూ ఉంది. చదవటం, రాయటం, లెక్కలు చెయ్యటంలో వచ్చే ప్రత్యేకమైన ఇబ్బందులూ ఉన్నాయి.

మన సికిందరాబాదులోని మనోవికాస్ నగర్‌లో, బుద్ధి వికాసంలో వెనకబడిన పిల్లల కోసం 1984 లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. ఆటిజాన్ని కొలవటానికి మన దేశంలో వాడే 40 అంశాల కొలబద్దను అక్కడే తయారుచేశారు. అందులో 6 భాగాలున్నాయి. ఒక భాగం పూర్తిగా ఇంద్రియాలను గురించే!

పిల్లలూ! పరిశోధనలు శాస్త్రజ్ఞులు చేస్తారు, చట్టాలు పెద్దలు చేస్తారు. మీరు చెయ్యగలిగింది కూడా ఒకటుంది. మీ తరగతిలో ఎవరైనా చెవులు మూసుకుంటే నవ్వకండి. ముట్టుకోవద్దంటే ముట్టుకోకండి. గంట కొట్టబోయేముందు, "ఇప్పుడు గంట కొడతారు" అని వాడికి మెల్లిగా చెప్పండి. ఆటకు పిలవండి, రానంటే కోపగించుకోక, మర్నాడు మళ్ళీ పిలవండి.

వాడి చెవితో ఆ గంట మీరు వినలేరు. కాని అది వాడికి పిడుగులా వినిపిస్తున్నదని మీకిప్పుడు తెలుసు.