అమ్మే ముందే చెప్పండి.. ‘ఈ గిన్నె పనికిరాదక్కా!’

షాపులో ఇండక్షన్ స్టవ్ అమ్మడం తేలికే. గిన్నెలో నీళ్లు పోసి, బటన్ నొక్కితే కాసేపట్లోనే మరిగిపోతాయి. చూసేవాళ్లు ‘అబ్బో’ అంటారు. అసలు పరీక్ష ఆ డబ్బా చర్లకో, దుమ్ముగూడేనికో, అశ్వాపురానికో చేరాక మొదలవుతుంది. ఇంట్లో సత్తు గిన్నె పెడితే స్టవ్ కూత పెట్టి ఆగిపోతుంది. ‘పాడైన సరుకు అంటగట్టారు’ అని మర్నాడే కస్టమర్ తిరిగొస్తారు. సరుకు పాడు కాలేదు, మనం చెప్పాల్సింది చెప్పలేదు అంతే!

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం షాపుల్లో కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాళ్లు, సొంతంగా షాపు పెట్టాలనుకునేవాళ్లు బిల్లు కొట్టకముందే చెప్పాల్సిన నాలుగు మాటలివి.

అయస్కాంతం చేతికివ్వండి

ఇండక్షన్‌లో మంట ఉండదు. లోపలి రాగి చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, గిన్నె అడుగే వేడెక్కుతుంది. అందుకే అయస్కాంతం గట్టిగా అతుక్కునే గిన్నెలే పనిచేస్తాయి. ఇనుప పెనం ఓకే. మామూలు సత్తు, రాగి, మట్టి పాత్రలు పనికిరావు. స్టీలులో కొన్నే పనిచేస్తాయి. అడుగు గుండ్రంగా ఉన్న బాండీ కుదరదు. వంకాయ కాల్చడం, పుల్కా పొంగించడం మర్చిపోవాల్సిందే. ‘ఇంట్లో గిన్నెలకు అయస్కాంతం పెట్టి చూసి రా అక్కా, తర్వాతే కొను’ అనండి. కొత్త కుక్కర్ కూడా కొనాల్సొస్తే ఆ ఖర్చూ ముందే చెప్పండి.

‘కరెంటు ఫ్రీయే కదా’ అంటే..

గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. ఇక్కడే అసలు లెక్క ఉంది. 1,200 వాట్ల మీద రోజూ రెండు గంటలు వండితే 2.4 యూనిట్లు, అంటే నెలకు 72. ఆ ఇంట్లో ఇప్పటికే 140 యూనిట్లు కాలుతుంటే మొత్తం 212 అవుతుంది. అప్పుడు పైనున్న 12 యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. అది వెయ్యి రూపాయలు దాటుతుంది! మహాలక్ష్మి పథకంలో 500 రూపాయలకే సిలిండర్ అందుకుంటున్న ఇంటికి ఇది ఆదా ఎలా అవుతుంది? అదే నెలకు 80, 90 యూనిట్లు దాటని ఇల్లయితే ధైర్యంగా అమ్మొచ్చు. అందుకే ముందు ‘పోయిన నెల బిల్లు ఫోన్‌లో ఉందా అన్నా?’ అని అడగండి.

ప్లగ్గు, వోల్టేజీ

2,000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే ప్లగ్గు కాలిపోతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉండాలి. లైను చివరనున్న ఊళ్లలో వోల్టేజీ బాగా పడిపోతే స్టవ్ ఎర్రర్ చూపించి ఆగుతుంది. ఇళ్లలో ఉండే చిన్న ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. గాలివానకు అడవిలో చెట్టు తీగల మీద పడినా, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినట్టు మళ్లీ వరదొచ్చినా కరెంటును నమ్ముకోలేం. ‘గ్యాస్ తీసెయ్యొద్దు, ఇది రెండో పొయ్యి అనుకోండి’ అని చెప్పడమే నిజాయితీ.

వారంటీలో ఏముంది, ఏం లేదు

స్టవ్ ఆపాక కూడా ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది, అది రిపేరు కాదు. గాజు పలక పగిలితే చాలా కంపెనీల వారంటీ వర్తించదు, కార్డు తెరిచి చూపించండి. సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కూడా చెప్పండి. భద్రాచలం నుంచి ఖమ్మం వంద కిలోమీటర్ల పైమాటే. బస్సు చార్జీ, పోయిన కూలీ కలిపితే రిపేరు కన్నా ప్రయాణమే బరువవుతుంది.

ఇవన్నీ చెబితే పది మందిలో ఇద్దరు కొనకుండా వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. కొన్నవాళ్లకు మాత్రం పొగ లేని వంట, చంటిపిల్లకు రాత్రి పూట చప్పున కాచిన పాలు దక్కుతాయి. వాళ్లు గొడవకు రారు, పక్కింటివాళ్లను తీసుకొస్తారు. అబద్ధం చెప్పి అమ్మితే 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసే హక్కు కస్టమర్‌కు ఎలాగూ ఉంది. దానికన్నా ముందే వారం సంతలో మాట పాకిపోతుంది. అక్కడ పోయిన పేరుకు ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు.