సికిల్ సెల్ వాహకులకూ తప్పదు అప్రమత్తత
వ్యాధి కాదు.. అయినా నిర్లక్ష్యం తగదు
ఎండలో శ్రమించే తీర ప్రాంత కూలీలు తెలుసుకోవాల్సిన విషయాలు

నెల్లూరు: రక్తపరీక్ష ఫలితంలో 'సికిల్ సెల్ వాహకులు' అన్న మాట కనిపించగానే కొందరు తమకు ప్రాణాంతక వ్యాధి సోకిందని కుంగిపోతారు. మరికొందరు ఏ బాధా లేదు కదా అని ఆ కాగితాన్ని మూలన పడేస్తారు. ఈ రెండు ధోరణులూ సరైనవి కావు. వాహకులలో అత్యధికులు జీవితాంతం ఆరోగ్యంగానే ఉంటారు. అయితే కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో వీరికి ముప్పు పొంచి ఉంటుంది. పెళ్లి విషయంలోనైతే ఆ కాగితమే బిడ్డల భవిష్యత్తును తేల్చవచ్చు.

సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారు ఏడు కోట్ల మందికి పరీక్షలు జరపాలని, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ సైతం ఈ మిషన్ పరిధిలో ఉంది. రాష్ట్రంలో ఈ సమస్య ప్రధానంగా ఉత్తరాంధ్ర మన్యంలో వినిపించినా, యానాది కుటుంబాలు అధికంగా నివసించే నెల్లూరు జిల్లా వాసులకూ దీనిపై అవగాహన అవసరం.

ఏమిటీ లక్షణం?
ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ శరీరమంతటికీ ప్రాణవాయువును చేరవేస్తుంది. దాని నిర్మాణానికి తోడ్పడే జన్యువులో చిన్న మార్పు వల్ల 'హిమోగ్లోబిన్ ఎస్' ఏర్పడుతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రని కణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఈ జన్యువు సంక్రమిస్తే అది వ్యాధి. ఒక్కరి నుంచే వస్తే వాహక లక్షణం. వాహకుల రక్తంలో మామూలు హిమోగ్లోబినే సగానికి మించి ఉండటం వారికి రక్ష. ఈ లక్షణం వయసుతో వ్యాధిగా మారదు. అంటువ్యాధి అసలే కాదు.

మలేరియా ప్రబలిన ప్రాంతాల ప్రజల్లోనే ఈ జన్యువు ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. వాహకులకు తీవ్ర మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుందని ఆంథొనీ అల్లిసన్ అనే శాస్త్రవేత్త 1954లో వెల్లడించారు. మన దేశంలో ఈ జన్యువును తొలిసారి 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు.

ఎండ, దాహం.. అసలు ముప్పు
మూత్రపిండాల లోపలి భాగంలో ప్రాణవాయువు తక్కువ, లవణ సాంద్రత ఎక్కువ. అందువల్ల వాహకులకు సైతం అక్కడ కణాలు వంగే అవకాశం ఉంది. ఫలితంగా మూత్రాన్ని చిక్కబరిచి నీటిని ఆదా చేసుకొనే శక్తి క్రమంగా తగ్గుతుంది. ఒళ్లు త్వరగా ఎండిపోతుంది. కొందరికి నొప్పి లేకుండానే మూత్రంలో రక్తం పడుతుంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ముప్పూ వీరిలో కొంత అధికం. అత్యంత అరుదుగా ఒక రకం మూత్రపిండ క్యాన్సర్ సోకవచ్చు. కాబట్టి మూత్రం ఎర్రబడితే 'వేడి చేసింది' అని సరిపెట్టుకోకుండా వైద్యుని సంప్రదించాలి.

అలవాటు లేని కఠిన శ్రమను ఏకధాటిగా చేస్తే కండరాలు దెబ్బతిని, వాటి వ్యర్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను స్తంభింపజేసే ప్రమాదం ఉంది. అమెరికాలో సుమారు 48 వేల మంది నల్లజాతి సైనికులపై జరిపిన అధ్యయన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. వాహకుల్లో ఈ సమస్య ఇతరులకన్నా 54 శాతం అధికమని, మరణాలు మాత్రం పెరగలేదని తేలింది. అక్కడి సైన్యంలో నీరు, విశ్రాంతి విషయంలో అందరికీ కచ్చితమైన నిబంధనలు అమల్లో ఉండటం గమనార్హం.

ఉప్పు మడుల్లో, రొయ్యల గుంటల వద్ద, పడవలపై రోజంతా ఎండలో చెమటోడ్చే తీర ప్రాంత కూలీలకు ఇదే పాఠం. దాహం వేసే వరకు ఆగకుండా తరచూ నీరు, మజ్జిగ తాగాలి. పనిలో కొత్తగా చేరినవారు మొదటి రోజుల్లో శ్రమను మెల్లగా పెంచుకోవాలి. మధ్యలో నీడపట్టున విశ్రమించాలి. పోలీసు, సైనిక ఎంపికల పరుగు పందేలకు సిద్ధమయ్యే యువకులకూ ఇది వర్తిస్తుంది. కండరాల్లో తీవ్ర నొప్పి, నీరసం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే పని ఆపి వెంటనే ఆస్పత్రికి చేరాలి.

ఎత్తైన ప్రదేశాలు.. కంటి దెబ్బలు
మూడు వేల మీటర్లకు మించిన ఎత్తులో ప్రాణవాయువు తగ్గి, ప్లీహానికి రక్తప్రసరణ నిలిచి కడుపు ఎడమవైపు తీవ్ర నొప్పి రావచ్చు. తిరుమల కొండ వెయ్యి మీటర్లలోపే గనుక ఆ భయం లేదు. సుమారు 3,580 మీటర్ల ఎత్తునున్న కేదార్‌నాథ్ వంటి యాత్రలకు వెళ్లేవారు ముందుగా వైద్యుల సలహా పొందాలి. కంటికి దెబ్బ తగిలి లోపల రక్తం చేరితే వాహకులకు చూపు పోయే ప్రమాదం ఎక్కువ. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే అవకాశమూ కొంత అధికమే. మధుమేహానికి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్షలో తప్పుడు ఫలితం రావచ్చు కనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

వాహక లక్షణం ఒక్కటే రక్తహీనతకు కారణం కాదు. రక్తం తక్కువగా ఉంటే వేరే కారణం వెతకాలి. గర్భిణులు వైద్యులు ఇచ్చిన ఐరన్ మాత్రలను సొంతంగా మానరాదు.

పెళ్లికి ముందే పరీక్ష
దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకత్వం 50 శాతం, ఏదీ సోకకపోవడం 25 శాతం. మొదటి బిడ్డకు రాలేదు కనుక రెండో బిడ్డకూ రాదనుకోవడం పొరపాటు. మేనరికాల్లో ఒకే జన్యువు ఇరువైపులా ఉండే అవకాశం పెరుగుతుంది. జీవిత భాగస్వామి తలసీమియా వాహకులైనా బిడ్డకు ముప్పు తప్పదు.

ప్రాథమిక పరీక్షలో లక్షణం ఉన్నట్టు తేలితే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షతో నిర్ధారించుకోవాలి. వాహకుల సంబంధం కలుపుకోరాదన్నది దీని అర్థం కాదు. ఒకరు వాహకులై, మరొకరికి ఏ జన్యులోపమూ లేకుంటే బిడ్డకు వ్యాధి రాదు. జాతకాలతో పాటు రక్తపరీక్ష కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు. ఇప్పటికే పెళ్లయి ఇద్దరూ వాహకులని తేలినవారు గర్భం దాల్చిన తొలి నెలల్లోనే వైద్యులను కలిస్తే గర్భస్థ శిశువుకు పరీక్ష చేయించుకొనే వీలుంది. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు పరీక్షకు పిలిచినప్పుడు వెనుకాడరాదు. ఇచ్చిన కార్డును ఆధార్ కార్డుతో సమానంగా భద్రపరచుకోవాలి.