కుట్టుమిషన్ మోటారుతో గూళ్ల పీచు తీసేవాళ్లు ముందు ఇది చదవండి

పోయిన పంటప్పుడు మా షెడ్డులో జరిగిన సంగతి ఇది. పీచు తీసే యంత్రం నడుస్తుండగా కరెంటు పోయింది. ఊరికే కూర్చోవడం ఎందుకని రాడ్లకు చుట్టుకున్న పీచును చేత్తో లాగుతున్నాం. గూళ్ల బుట్ట ఒకటి జారి పెడల్ మీద పడింది, ఎవరమూ చూడలేదు. కరెంటు రాగానే రాడ్లు గిర్రున తిరిగినాయి. మా అక్క కొంగు పీచుతో పాటే చుట్టుకుంది. కొంగు చినిగి, వేలి మీద చర్మం లేచింది. అంతటితో పోయింది.

తప్పు మోటారుది కాదు, బిగించిన మాది.

సర్వో మోటారు మన పనికి మంచిదే. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసినంతసేపూ నిమిషానికి 2,800 చుట్ల దాకా తిరుగుతూనే ఉంటుంది. సర్వో అయితే తొక్కితేనే తిరుగుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. సింగిల్ ఫేజ్ చాలు. హిందూపురం మార్కెట్టుకో, రామనగరానికో పోయే ముందు గూళ్లు శుభ్రం చేసుకోవడానికి 550 వాట్ల మోటారు సరిపోయింది మాకు.

వేగాన్ని బటన్‌తోనే మరీ తగ్గిస్తే మోటారు లాగలేక కుదుపుతుంది. దాన్ని పుల్లీతో తగ్గించాలి. మోటారుకు 3 అంగుళాలది, యంత్రానికి 9 అంగుళాలది పెడితే మోటారు 900 చుట్లు తిరిగినప్పుడు రాడ్లు 300 తిరుగుతాయి, బలమూ దాదాపు మూడింతలవుతుంది. తర్వాత సెట్టింగులో గరిష్ఠ వేగానికి హద్దు పెట్టేయండి, పిల్లలు బటన్లు నొక్కకుండా ఉండరు. సూదిని పైన ఆపే సెట్టింగు ఉంటే అదీ తీసేయండి. లేకుంటే కొన్ని మోటార్లు కాలు తీసినాక కూడా కొంచెం తిరిగి ఆగుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. పెడల్ తొక్కి ఉండగా కరెంటు వస్తే కదలకుండా ఆగిపోయే మోటార్లు కొన్ని ఉన్నాయి. మాది ఆగలేదు. బోరు స్టార్టరు చూడండి, ఆటో పెట్టకుంటే కరెంటు పోగానే పడిపోతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితేనే లేస్తుంది. అట్లాంటి నో-వోల్ట్ స్విచ్చే ఈ మోటారుకూ ముందు పెట్టించినాం. తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న తాలూకా మనది, అయినా కరెంటు పోయి రావడం మనకు కొత్తా? పెడల్ మీద రేకు గూడు కట్టినాం, కాలు తప్ప ఇంకేదీ దూరదు. బెల్టుకు జాలీ వేసినాం. పీచు లాగేటప్పుడు ప్లగ్గు పీకి, పీకినవాళ్ల దగ్గరే పెట్టుకుంటున్నాం. కొంగు నడుముకు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి.

కంట్రోల్ డబ్బాను మాత్రం మీరు విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైనే ఉంటుంది, ప్లగ్గు తీసినా వెంటనే దిగదు. మెకానిక్ అయినా కనీసం పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకునే చెయ్యి పెట్టాలి. మూడు పిన్నుల ప్లగ్గు, యంత్రం ఫ్రేముకు ఎర్తు తప్పనిసరి. షెడ్డులో బ్లీచింగ్, సున్నం చల్లే రోజుల్లో మోటారును బయట పెట్టుకోండి, ఆ పొడి లోపల చేరితే బోర్డు తుప్పు పడుతుంది.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు పెడల్, పుల్లీ ఫొటోలు గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాం.