మన ఊరి అడవికి లెక్క

పిల్లలూ! కాజీపేట నుంచి బల్హార్షా వెళ్ళే రైలు రామగుండం దాటిన తరవాత గోదావరి వంతెన ఎక్కుతుంది. నది దాటితే మంచిర్యాల. ఇదంతా సింగరేణి బొగ్గు గనుల సీమ. ఇక్కడ ఒక వింత ఉన్నది. నేల మీద ఒక అడవి ఉంటే, నేల కింద మరొక అడవి ఉన్నది!

నేల కిందిది 25 కోట్ల ఏండ్లకు పూర్వమే పెరిగి, బురదలో కూరుకుపోయి, బొగ్గుగా మారిపోయింది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును కనుగొన్నాడు. ఏ పొర ఎంత లోతున ఉన్నదీ, ఎంత మందమున్నదీ ఇంజనీర్లు కొలిచి పటాలు గీస్తారు. మరి నేల మీది అడవి మాటేమిటి? దాన్ని ఎవరు కొలుస్తారు? ఎలా కొలుస్తారు?

అసలు కొలవటం దేనికి అంటారేమో. ఎండాకాలంలో రామగుండం, మంచిర్యాల ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటవి. చెట్ల నీడ లేనిచోట నేల పెనంలాగా కాలుతుంది. ఊరు పెరిగినా, రోడ్డు వేసినా, గని తవ్వినా ముందుగా పోయేవి చెట్లే. ఉన్నది ఎంతో తెలియకపోతే, పోయింది ఎంతో ఎవరు చెప్పగలరు?

మన దేశంలో ఈ పని చెయ్యటానికి 1981లో డెహ్రాడూన్‌లో భారత అటవీ సర్వే సంస్థ ఏర్పడింది. 1987లో తన మొదటి నివేదిక ప్రకటించింది. తరవాత సుమారు రెండేళ్ళకొకసారి ప్రకటిస్తూ వచ్చింది. ఇందుకు కావలసిన చిత్రాలను మన దేశపు ఉపగ్రహాలు తీస్తవి. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లో ఉన్న కేంద్రం అందుకుంటుంది.

వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి చెట్టును గుర్తుపట్టటం ఎలాగ? పచ్చని ఆకు సూర్యకాంతిలోని ఎర్ర కిరణాలను చాలావరకు మింగేస్తుంది. మన కంటికి కనిపించని పరారుణ కిరణాలను మాత్రం బాగా వెనక్కి కొడుతుంది. ఉత్త మట్టి ఇలా చెయ్యదు. ఈ తేడాను బట్టి శాస్త్రజ్ఞులు ఆకు ఉన్నచోటును పోల్చుకుంటారు. ఆ చిత్రాలలో అడవి ఎర్రగా కనిపించేటట్టు రంగులు వేయటం వాడుక. అందువల్ల ఎరుపు చూసి భయపడనక్కర లేదు!

ఈ చిత్రం చిన్న చిన్న గళ్ళతో తయారవుతుంది. ఒక్కొక్క గడి 23.5 మీటర్ల చదరం, అంటే సుమారు 660 గజాల స్థలం. మీ వాకిట్లో ఉన్న ఒక్క వేపచెట్టు దీనిలో విడిగా తెలియదు. ఒక హెక్టారుకు, అంటే సుమారు రెండెకరాల పంతొమ్మిది గుంటలకు, తక్కువ కాని స్థలంలో కనీసం నూటికి పదివంతుల నేలను చెట్ల కొమ్మలు కప్పితే దాన్ని అడవిగా లెక్కవేస్తారు. నూటికి 10 నుంచి 40 వంతులు కప్పితే పలచని అడవి. 40 నుంచి 70 అయితే మధ్యరకం. 70, అంతకు పైన అయితే చాలా దట్టమైన అడవి.

ఇక్కడొక చిక్కు ఉన్నది. మన అడవులలో టేకు ఎక్కువ. ఎండాకాలం వచ్చేసరికి టేకు ఆకంతా రాల్చేస్తుంది. ఏప్రిల్‌లో తీసిన చిత్రం చూస్తే అడవి లేనేలేదనిపిస్తుంది! అందుకని వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి తీసిన చిత్రాలనే ఎంచుకుంటారు.

ఇంకా పెద్ద చిక్కు మరొకటి. ఉపగ్రహం కొమ్మలనే చూస్తుంది గాని చెట్టు పేరు అడగదు. మామిడితోట అయినా, వరసలుగా నాటిన జామాయిలు అయినా, ఓపెన్‌కాస్టు గని నుంచి తీసిపోసిన మట్టిగుట్ట మీద పెంచిన మొక్కలైనా, తగినంత కప్పితే అన్నీ ఆ లెక్కలో అడవే. కాని జన్నారం అడవిలోకి వెళ్ళి చూడండి. టేకు పక్కన మద్ది, ఇప్ప, తునికి, మోదుగ ఉంటవి. ముసలి చెట్లూ, పడుచు చెట్లూ, నిన్నమొన్న మొలిచినవీ కలిసి ఉంటవి. ఇప్పపువ్వుకు ఎలుగుబంటి వస్తుంది. తునికాకు కోసం బీదవారు వస్తారు. ఒకే వయసు జామాయిలు తోట వీటన్నిటినీ ఇవ్వగలదా?

కనుక మనిషి నేలమీద నడిచి చూడక తప్పదు. శాస్త్రజ్ఞులు కొలిచిన చదరాలలో తాళ్ళు కట్టి, అందులో ఏయే చెట్లున్నవో రాస్తారు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత తీస్తారు. కింద పిల్లమొక్కలున్నవా అని వెతుకుతారు. పిల్లలు లేని ఇల్లు లాగా, పిల్లమొక్కలు లేని అడవికి రేపు ఉండదు.

ఎంత ఉన్నదన్నదే కాదు, ఎలా ఉన్నదన్నది కూడా పటంలో చూడాలి. 2012లో కవ్వాల్ అడవిని పులుల రక్షితప్రాంతంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి పులులు ఇటు వస్తూంటవి. పులి ఎకరాలు లెక్కపెట్టదు. దారి తెగిపోకుండా ఉంటే చాలునంటుంది. నడుమ ఉన్న చిన్న అడవిముక్క పోతే, రెండు పెద్ద అడవులున్నా దానికి దారి ఉండదు.

పట్టణాలకు కూడా ఇలాంటి లెక్కలు వేస్తున్నారు. 2021 నివేదిక ప్రకారం హైదరాబాదులో 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న అడవి, 2021కి 81.81 అయింది. సంతోషమే! అయితే అందులో ఏయే చెట్లున్నవో ఆ ఒక్క అంకె చెప్పదు. 2015లో మొదలుపెట్టిన లెక్కలో న్యూయార్కు నగరంలో రెండువేలకు పైగా పౌరులు, నగర సిబ్బందితో కలిసి వీధుల వెంట నడిచి, ఆరు లక్షల అరవై వేలకు పైగా చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు.

మీరు కూడా చెయ్యవచ్చు. కాగితాన్ని గొట్టంలా చుట్టండి. బడి తోటలోనో, గాంధారి వనం వంటి చోటనో, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని నడవండి. పది అడుగులకొకసారి ఆగి, గొట్టంలోంచి నేరుగా పైకి చూడండి. ఆకు కనిపిస్తే ఒకటి, ఆకాశం కనిపిస్తే సున్న వేసుకోండి. ఇరవై చోట్ల చూస్తే తొమ్మిదిచోట్ల ఆకు కనిపించిందనుకోండి. అంటే నూటికి 45 వంతులు, మధ్యరకం అన్నమాట! చెట్ల పేర్లు అమ్మమ్మలను, తాతలను అడిగి రాసుకోండి. గళ్ళ కాగితం మీద పటం గీసి బడిలో ఉంచండి. మట్టిగుట్టల మీదికి, నది ఒడ్డుకు మాత్రం ఒంటరిగా పోకండి.

వచ్చే ఏడు అదే నెలలో, అదే చోట మళ్ళీ చూడండి. నేల కింది అడవి తవ్వినకొద్దీ తరిగిపోతుంది, మళ్ళీ రాదు. నేల మీది అడవి కాపాడితే పెరుగుతుంది. అది పెరిగిందో తరిగిందో మీ గళ్ళకాగితమే చెబుతుంది.