తక్కువ ధర ల్యాప్‌టాప్ ఎంపిక

తక్కువ ధర ల్యాప్‌టాప్ అనగా ఉత్తరాల తయారీ, జమాఖర్చుల లెక్కలు, అంతర్జాల వీక్షణ, ఆన్‌లైన్ తరగతులు వంటి నిత్యావసరాలకు సరిపోయే శక్తి కలిగి, సామాన్య కుటుంబానికి అందుబాటు ధరలో లభించే కంప్యూటరు. ఈ వ్యాసంలో భారతదేశపు విపణిలో సుమారు 40 వేల రూపాయలు, అంతకు లోపు ధర గలవాటిని ఈ తరగతిగా పరిగణించడమైనది. ఖరీదైన వాటిలో ఏది కొన్నా ఇంటి పనులకు ఇబ్బంది ఉండదు. ఈ తరగతిలో మాత్రం ఒకే ధరకు అమ్మే రెండు యంత్రాలలో ఒకటి ఐదారేళ్ళు చక్కగా పనిచేయగా, రెండవది ఏడాది తిరగకుండానే విసుగు పుట్టించడం కద్దు. ఆ తేడా పైకి కనిపించే రూపంలో కాక లోపలి భాగాలలో ఉంటుంది.

చరిత్ర

1981లో విడుదలైన ఆస్‌బోర్న్ 1 వెంట తీసుకుపోగల తొలి వాణిజ్య కంప్యూటర్లలో ఒకటి. దాని బరువు సుమారు 11 కిలోలు, ధర 1,795 డాలర్లు, తెర 5 అంగుళాలు. పేద దేశాల బాలలకు 100 డాలర్ల ల్యాప్‌టాప్ అందించాలనే ఆలోచనను 2005లో నికొలాస్ నెగ్రోపాంటే ప్రకటించాడు. 2007లో ఆ యంత్రం తయారయ్యేనాటికి ధర దాదాపు 200 డాలర్లకు చేరింది. అదే సంవత్సరం ఆసుస్ సంస్థ 7 అంగుళాల తెర, 4 గిగాబైట్ల నిల్వ, లినక్స్‌తో ఈ-పీసీని విడుదల చేసింది. 2008లో ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ రావడంతో ఇటువంటి చిన్న యంత్రాలు నెట్‌బుక్‌లు అనే పేరుతో విరివిగా అమ్ముడుపోయాయి. ఇరుకైన తెర, నెమ్మదైన పనితీరు, 2010 తరువాత వచ్చిన టాబ్లెట్‌ల పోటీ వలన 2012 చివరికి వాటి తయారీ దాదాపు ఆగిపోయింది. 2011లో గూగుల్ వ్యవస్థతో నడిచే క్రోమ్‌బుక్‌లు మొదలయ్యాయి.

ప్రాసెసర్

కొనుగోలుదారులు ఎక్కువగా మోసపోయేది పేర్ల వద్దనే. ఐ3 కంటే ఐ5 మేలు, 5 కంటే 7 మేలు అనే లెక్క ఒకే తరానికి చెందిన ఒకే శ్రేణి ప్రాసెసర్లకు మాత్రమే వర్తిస్తుంది. పదేళ్ళనాటి ఐ5 కంటే ఇటీవలి ఐ3 వేగవంతమైనది. ఇంటెల్ సంస్థ 2023 నుండి ల్యాప్‌టాప్‌లలో సెలెరాన్, పెంటియం పేర్లను విడిచిపెట్టి, వాటి స్థానంలో కేవలం ఇంటెల్ ప్రాసెసర్ అనే పేరు వాడుతున్నది. ఆ శ్రేణిలోని ఎన్100లో గల నాలుగు కోర్లూ విద్యుత్తు పొదుపు చేసే చిన్న కోర్లే. టైపింగుకు, వీడియో పాఠాలకు అది చాలును. ఒకేసారి ఇరవై బ్రౌజర్ పుటలు తెరిచి, పెద్ద ఎక్సెల్ పట్టికలతో పనిచేసే కార్యాలయానికి చాలదు.

ఏఎండీ సంస్థ 7000 శ్రేణి పేర్లు మరింత తికమక పెడతాయి. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు పేర్లలో తేడా ఒక్క అంకె. కాని మొదటిది 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణంపై ఆధారపడిన నాలుగు కోర్ల ప్రాసెసర్, రెండవది జెన్ 3 నిర్మాణం గల ఆరు కోర్ల ప్రాసెసర్. ఈ శ్రేణిలో మొదటి అంకె విడుదల సంవత్సరాన్ని, మూడవ అంకె అసలు నిర్మాణాన్ని తెలుపుతాయి. కావున చూడవలసినది మూడవ అంకెను.

మెమరీ, నిల్వ

విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ నిర్దేశించిన కనీస మెమరీ 4 గిగాబైట్లు. ఇది వ్యవస్థ మొదలగుటకే గాని పని జరుగుటకు కాదు. 8 గిగాబైట్లకు తక్కువ గలదానిని కొనకపోవడం మంచిది. ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న మెమరీని తరువాత పెంచుకొనవచ్చునా అన్నది. చాలా చవక ల్యాప్‌టాప్‌లలో మెమరీ చిప్‌లను మదర్‌బోర్డుకే టంకం వేసి బిగిస్తారు. అదనపు స్లాట్ లేనిచో, కొన్ననాటి పరిమాణమే చివరివరకు ఉంటుంది. దుకాణదారుని మాటపై ఆధారపడక, తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్ పూర్తి సంఖ్యతో వెతికి నిర్ధారించుకోవలెను. ఒకే పేరుతో అమ్మే మోడళ్ళలో కూడా లోపలి భాగాలు మారుతుంటాయి.

నిల్వ విషయంలో ఈఎంఎంసీ అనే పదం కనిపించినచో జాగ్రత్త వహించవలెను. ఇది మొబైల్ ఫోన్లలో వాడుతూ వచ్చిన రకం, బోర్డుకు అతికి ఉంటుంది, ఎస్ఎస్‌డీ కంటే నెమ్మది. 64 గిగాబైట్ల ఈఎంఎంసీలో విండోస్, దాని తాజాకరణలు పోగా మిగిలేది స్వల్పం. 256 గిగాబైట్ల ఎస్ఎస్‌డీ ఇంటి అవసరాలకు సరిపోతుంది. దానిని విండోస్ 238గా చూపుతుంది. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించుటయే ఇందుకు కారణం, మోసం కాదు.

తెర, కీబోర్డు, బ్యాటరీ

15.6 అంగుళాల తెరపై 1366×768 చుక్కల స్పష్టత తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఇబ్బంది కలిగిస్తుంది. ఒత్తులు, గుడులు ఒకదానిపై ఒకటి చేరే లిపి కనుక, చిన్న అక్షరాలలో క్రింది ఒత్తు ఏదో పోల్చుకొనుట కష్టం. 1920×1080 తెరపై ఆ బాధ ఉండదు. టీఎన్ రకం తెరలు ప్రక్కనుండి చూస్తే రంగు మారతాయి, ఐపీఎస్ రకం మేలు. జమాఖర్చులు వ్రాసేవారు కుడివైపు అంకెల మీటలున్న కీబోర్డును ఎంచుకోవచ్చును.

బ్యాటరీని గంటలలో కాక వాట్-అవర్లలో పోల్చవలెను. 40 వాట్-అవర్ల బ్యాటరీ, సగటున 8 వాట్లు వాడే యంత్రానికి 5 గంటలు వస్తుంది. ప్రకటనలలోని 10 గంటలు తెర వెలుగు తగ్గించి కొలిచినవై ఉంటాయి. యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జింగ్ అయ్యే మోడల్‌కు వేరొక ఛార్జరు దొరకుట తేలిక.

ఆపరేటింగ్ సిస్టమ్, తెలుగు

విండోస్ లేకుండా వచ్చే మోడళ్ళు కొంత చవక. ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలు, లిబ్రే ఆఫీస్ ఉచితం. యూనికోడ్ తెలుగును ఇన్‌స్క్రిప్ట్ అమరికలో వీటన్నిటిలోనూ టైపు చేయవచ్చును. అయితే పత్రికలు, ముద్రణశాలలు విరివిగా వాడే అను ఫాంట్ల సాఫ్ట్‌వేర్ విండోస్ కొరకు తయారైనది. డీటీపీ పని చేయదలచినవారు లినక్స్ లేదా క్రోమ్‌బుక్ కొని తరువాత విచారించిన సందర్భాలు లేకపోలేదు. గతంలో ల్యాప్‌టాప్‌తోపాటు ఇస్తూ వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ లైసెన్సు వ్యాపార వినియోగానికి వర్తించదు.

వాడిన ల్యాప్‌టాప్‌లు

పెద్ద సంస్థలు మూడు నాలుగేళ్ళు వాడి తీసివేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలీట్‌బుక్ శ్రేణుల యంత్రాలు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, చెన్నైలోని రిచీ స్ట్రీట్ వంటి చోట్ల లభిస్తాయి. గట్టి కీబోర్డు, మార్చదగిన భాగాల దృష్ట్యా అదే ధరకు వచ్చే కొత్త చవక యంత్రం కంటే ఇవి చాలామందికి మెరుగని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదవ తరం, ఆ తరువాతి ప్రాసెసర్లపై మాత్రమే నడుస్తుంది. కనుక ఆరవ, ఏడవ తరం యంత్రాలను లినక్స్ వాడదలచినవారే తీసుకోవలెను. కొనుటకు ముందు బయాస్ పాస్‌వర్డు లేదని, పాత సంస్థ నిర్వహణ తాళం తొలగించినదని పరీక్షించవలెను. ఆ తాళం ఉన్నచో విండోస్ తిరిగి స్థాపించినపుడు యంత్రం పాత సంస్థ ఖాతానే అడుగుతుంది. విండోస్ బ్యాటరీ నివేదికలో తయారీనాటి సామర్థ్యం, ప్రస్తుత సామర్థ్యం ప్రక్కప్రక్కనే కనిపిస్తాయి. రెండవది మొదటిదానిలో 60 శాతం కంటే తక్కువైతే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించమని అడగవచ్చును. సీరియల్ సంఖ్యతో కూడిన బిల్లు లేకుండా వాడిన యంత్రం కొనరాదు. అది దొంగసొత్తు అయినచో ధర, యంత్రం రెండూ పోతాయి.