కళాశాలయు కర్షకుడును

పల్లెలలో ప్రొద్దుపొడుపువేళ పాలకేంద్రమునొద్ద రైతులు పాలతో వరుసగా నిలుచుందురు. అచ్చట పాలను కొలుచుటతోనే పని ముగియదు. వానిలో వెన్న ఎంత కలదో పరీక్షించి, దానినిబట్టి వెల కట్టుదురు. నీరు కలిపినవానికి తక్కువయు, చిక్కని పాలు పోసినవానికి ఎక్కువయు ముట్టును. చూచుట కిది చిన్న విషయము. కాని యిట్టి పరీక్ష యొకటి పూర్వము ఒక రాష్ట్రపు ఆర్థికస్థితి బాగుపడుటకు ఎంతయో తోడ్పడినది. అది పుట్టినది ఒక కళాశాలలో.

అమెరికా సంయుక్తరాష్ట్రముల ఉత్తరభాగమున విస్కాన్సిన్ అను రాష్ట్రము కలదు. 1860 ప్రాంతమున అది గోధుమపంటకు పేరుగాంచియుండెను. ఏటేట ఒకే పంట వేయుటచే నేల సారము తగ్గెను. పురుగులు పైరును పీల్చివేసెను. పడమటి క్రొత్తనేలలనుండి గోధుమలు చౌకగా రాజొచ్చెను. పలువురు రైతులు దిక్కుతోచక వలసపోయిరి. పాడియే శరణ్యమని కొందరు పెద్దలు బోధించిరి. వారిలో హోర్డు అను పత్రికాధిపతి ముఖ్యుడు. 1872లో ఆయనయు మరికొందరును కలిసి పాడిరైతుల సంఘమును నెలకొల్పిరి.

అంతకు పదేండ్ల ముందే, 1862లో, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ మారిల్ శాసనముపై సంతకము చేసియుండెను. అమెరికా కాంగ్రెసులో ఒక్కొక్క రాష్ట్రమునకు ఎందరు సభ్యులు కలరో, తలకు 30,000 ఎకరముల చొప్పున ఆ రాష్ట్రమునకు భూమి లభించెను. దానిని విక్రయించిన ధనముతో వ్యవసాయమును, యంత్రవిద్యలను బోధించు కళాశాలలను నడుపవలెను. సంపన్నుల కుటుంబములకే దాదాపు పరిమితమైన ఉన్నతవిద్య శ్రామికుల బిడ్డలకును అందవలెనని దాని ఆశయము. అయితే ఆ భూములలో పెక్కు ఆదిమజాతులనుండి గైకొనబడినవను సంగతియు మరువరానిది.

తలుపు తెరచినంతమాత్రమున జనులు లోనికి రారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వ్యవసాయశాఖ ఏర్పడినను, చాలకాలము విద్యార్థులు బహు స్వల్పముగా నుండిరి. పొలము విడిచి ఏండ్లతరబడి చదువుటకు రైతుబిడ్డకు తీరిక లేదు. అచ్చటి చదువు పొలమునకు పనికిరాదని రైతులు నిష్ఠురములాడిరి. ఆ మాటలో నిజము కలదని విశ్వవిద్యాలయమువారు గ్రహించిరి. మంచు కురిసి పొలముపనులు నిలిచిపోవు శీతకాలమున స్వల్పకాలిక తరగతులు 1885లో ఆరంభమయ్యెను.

దారి సుగమమైనది. ఇక బోధనయు సారవంతము కావలెను. ఆ కళాశాలలో స్టీఫెన్ బాబ్‌కాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పనిచేయుచుండెను. ఆ కాలమున పాలకు సాధారణముగా తూకమునుబట్టియే వెల. నీరు కలిపినవాడు లాభపడెను. చిక్కని పాలు పోసినవాడు నష్టపోయెను. మోసము ఫలించుచోట మేలైన పశువును పెంచువా డెవడు?

1890లో బాబ్‌కాక్ ఒక పరీక్షను వెల్లడించెను. సన్నని మెడగల గాజుసీసాలో కొలిచిన పాలు పోసి గంధకామ్లమును కలుపుదురు. ఆమ్లము వెన్నను తప్ప తక్కిన ఘనపదార్థములను కరగించును. సీసాను యంత్రమున గిరగిర త్రిప్పి వేడినీరు పోసినచో, తేలికయైన వెన్న మెడలోనికి చేరును. మెడపై నున్న గీతలు వెన్నశాతమును తెలుపును. కొద్ది శిక్షణ పొందినవా డెవడైనను దీనిని చేయగలడు. దీనిపై పేటెంటు పొందియున్నచో ఆయన ధనవంతు డగుటకు వీలుండెను. కాని ఆయన అట్లు చేయక, తన విద్యను లోకమునకు ఉచితముగా ఒసంగెను.

వెన్న, చీజు తయారుచేయు కర్మాగారములలో ఈ పరీక్ష త్వరలోనే వ్యాపించెను. నిజాయితీకి వెల లభించెను. ఏ ఆవు మేలైనదో రైతునకు స్పష్టముగా తెలిసెను. నేడు అమెరికాలో చీజు తయారీయందు విస్కాన్సిన్‌దే ప్రథమస్థానము. ఇది ఒక్క కళాశాలవలననే కలిగెననుట సరికాదు. రైతుల పట్టుదల, ఐరోపానుండి వలసవచ్చినవారి నేర్పు, సంఘముల కృషి దీనికి తోడైనవి. అయినను కళాశాల లేనిదే ఆ కృషి ఇంతగా ఫలించి యుండెడిది కాదు.

ఈ పద్ధతి సముద్రములు దాటి మన దేశమునకును వచ్చినది. 1964లో హైదరాబాదు చెంత రాజేంద్రనగరమున ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు, కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యులు దానికి తోడ్పడిరి. 1945లో వెలసిన బాపట్ల వ్యవసాయ కళాశాలయు అందు చేరెను. ఆ బాపట్లలోని పరిశోధనక్షేత్రమున రూపొందిన బి.పి.టి. 5204 అను వరివంగడము 1986లో విడుదలయ్యెను. తెలుగువారి యిండ్లలో నిత్యము వండుకొను సాంబమసూరి బియ్యము అదియే.

అందరికి ప్రవేశమున్నను బోధన బాగుగా లేనిచో, చేతికి పట్టా వచ్చును గాని పని రాదు. బోధన ఎంత గొప్పదైనను కొందరికే ప్రవేశమున్నచో, అది కుండలోని దీపము. తలుపు విశాలమై, లోపలి విద్య సత్యమై, అది తిరిగి పొలమునకు, కర్మాగారమునకు నడచివచ్చినపుడే రాష్ట్రము సంపన్నమగును. అట్టి కళాశాలకై వెచ్చించిన ధనము మంచి నేలలో చల్లిన విత్తనమువంటిది.