వెలుగు ముందు, చప్పుడు తర్వాత

రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు చుక్క రాలడం మనలో చాలామందిమి చూసే ఉంటాం. ఓ సన్నని గీత, రెప్ప వేసేలోపు మాయం. అలాంటి ఉల్కే శుక్రగ్రహం కంటే ఎక్కువ కాంతితో వెలిగితే దాన్ని అగ్నిగోళం అంటారు. తోకచుక్క వేరు. అది రోజుల తరబడి కనిపిస్తుంది, ఇది కొన్ని సెకన్ల వ్యవహారం.

ఆ వెలుగుకు కారణం గాలితో రాపిడి అని చిన్నప్పుడు చదువుకున్నాం. నిజానికి రాపిడి కన్నా నొక్కుడు ముఖ్యం. సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రాయి ముందు నుంచి గాలికి తప్పుకునే టైం ఉండదు. అక్కడే నొక్కుకుపోయి వేల డిగ్రీలకు వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే కింది భాగం వేడెక్కుతుంది చూశారా, అలాగన్నమాట. ఆ వేడికి రాయి పైపొర కరిగి ఆవిరవుతుంది. మనం చూసేది ఆ ఆవిరి, ఆ గాలి వెలుగే.

ఇదంతా జరిగేది చాలా ఎత్తున. రాయి మిగిలినా, సుమారు 20 కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి వేగం తగ్గి వెలుగు ఆరిపోతుంది. మిగతా దూరం చీకట్లోనే పడుతుంది. కాబట్టి "అదిగో, ఆ చెరువు వెనకాలే పడింది" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. చెట్ల వెనక ఆరిపోయినట్టు కనిపించింది వంద కిలోమీటర్ల అవతలైనా కావచ్చు.

అసలు గుర్తుంచుకోవాల్సింది చప్పుడు గురించి. 30 కిలోమీటర్ల ఎత్తున రాయి పేలితే, ధ్వని మన దాకా రావడానికి నిమిషంన్నర పైనే పడుతుంది. 2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద జరిగింది ఇదే. సుమారు 20 మీటర్ల రాయి, సూర్యుణ్ణి మించిన వెలుగు. ఏమిటా అని జనం కిటికీల దగ్గరికి పరిగెత్తారు. రెండు నిమిషాలు దాటాక షాక్ వేవ్ వచ్చి అద్దాలు పగిలాయి. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువమందికి గుచ్చుకున్నవి గాజుముక్కలే. ఒక స్కూల్లో టీచరమ్మ మాత్రం తన క్లాసులోని 44 మంది పిల్లల్ని బల్లల కింద దూరమంది. పిల్లలకేం కాలేదు, ఆవిడ చేతికి గాజు కోసుకుంది.

అంత పెద్దవి అరుదే. అయినా రాత్రి ఆకాశం ఒక్కసారిగా పగలైతే అద్దాలకు దూరంగా జరగండి, సెకన్లు లెక్కపెట్టండి. ఏ బిల్డింగ్ మీద మొదలై ఏ చెట్టు దగ్గర ఆరిందో గుర్తు పెట్టుకోండి. వీడియో తీస్తే ఫ్రేములో ఏదో ఒక స్తంభమో, గోడో ఉండేలా చూడండి. ఉత్త ఆకాశం తీస్తే కొలతకు పనికిరాదు. 1992 అక్టోబర్ 9 రాత్రి అమెరికా తూర్పు రాష్ట్రాల మీదుగా ఓ అగ్నిగోళం వెళ్లింది. స్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు తీస్తున్న కెమెరాలు కొన్ని అటు తిరిగాయి. చివరికి 12 కిలోల రాయి ఒకటి పీక్‌స్కిల్ ఊళ్లో ఆగి ఉన్న కారు డిక్కీని చీల్చుకుని నేల మీద పడింది. ఆ వీడియోలను కలిపి చూసి దాని కక్ష్యను లెక్కగట్టారు: అంగారకుడి అవతల దాకా వెళ్లొచ్చే రాయి అది.